ఫైన్ కట్టే డబ్బు లేకపోతే జైలుకే వెళ్ళాలా?

ప్రశ్న: అమ్మా, నమస్తే. మేము బోరబండలో ఉంటాం. మా ఆయన కిరాయి ఆటో నడుపుతాడు. నేను మూడిళ్ళలో పని చేస్తాను. ఇద్దరు పిల్లలు. పోయిన నెల ఒక శనివారం రాత్రి మేనల్లుడి ఫంక్షన్ నుంచి స్నేహితుడి బైకు మీద వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. మిషన్‌లో 86 వచ్చిందట. బండి పట్టుకున్నారు. కౌన్సెలింగ్‌కి నన్ను కూడా రమ్మంటే పని మానుకుని వెళ్ళాను. ఇప్పుడు కోర్టు వాయిదా ఉంది. 10,000 ఫైన్ పడుతుందని, కట్టకపోతే జైలేనని అందరూ అంటున్నారు. నా దగ్గర చీటీ డబ్బులు 3,500 ఉన్నాయి. మిగతాది పది రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. ఆయనేమో "అప్పు వద్దు, పది రోజులు లోపల ఉండి వస్తే పదివేలు మిగుల్తాయి" అంటున్నాడు. మా అత్తమ్మ "తాగినోడు అనుభవించనీ" అంటోంది. మా గల్లీలో ఒకాయన ఇట్లాగే ఫైన్ కట్టలేక జైలుకు పోయాడు. అదే రోజు కారులో దొరికినాయన డబ్బు కట్టేసి ఇంటికి పోయాడంట. ఇద్దరిదీ ఒకటే తప్పు కదమ్మా? నన్ను అప్పు చెయ్యమంటారా, ఆయన్ని జైలుకు పోనిమ్మంటారా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు ఒక మాట. వాయిదా రోజుకంటే ముందు ఎవరి దగ్గరా వడ్డీకి డబ్బు తీసుకోకండి. పది రూపాయల వడ్డీ అంటే మీకు తక్కువ పడ్డ 6,500కి నెలకు 650 రూపాయలు. అసలు తీరేవరకు ప్రతి నెలా ఒక ఇంటి జీతంలోంచి అది పోతూనే ఉంటుంది. అప్పు, జైలు అని మీరు రెండే దారులు రాశారు. చట్టంలో మూడో దారి ఉంది. మీకు ఎవరూ చెప్పలేదంతే.

ఫైన్ మాత్రమే శిక్షగా పడి, ఆ రోజే కట్టలేకపోతే, కోర్టు గడువు ఇవ్వవచ్చు. మొత్తం 30 రోజుల్లోపు కట్టమనవచ్చు. లేదా రెండు మూడు వాయిదాల్లో కట్టమనవచ్చు. మొదటిది 30 రోజుల్లోపు, తర్వాతవి ఒక్కోటి 30 రోజుల తేడాతో. ఈలోగా బాండు రాయించుకుని మనిషిని ఇంటికి పంపుతారు. పూచీకత్తు అడగవచ్చు, అడగకపోవచ్చు. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. మీ లెక్కలో చెప్పాలంటే ఇప్పుడు మీ దగ్గరున్న 3,500, వచ్చే నెల 3,500, ఆపై నెల 3,000. ఒక్క రూపాయి వడ్డీ లేకుండా తీరిపోతుంది. అయితే ఇది కోర్టు ఇష్టం మీద ఆధారపడిన విషయం. అడగాలి, కారణం చూపించాలి.

అడగకపోతే ఏమవుతుందో నా కళ్ళతో చూశాను. తాగి బండి నడిపినందుకు ఫైన్ ఇంకా 2,000 ఉన్న రోజులవి. ఒక శనివారం నేను వేరే కేసు పని మీద కోర్టులో ఉన్నాను. టైల్స్ పని చేసే ఒకతనికి 2,000 ఫైన్ పడింది. అతని భార్య బల్ల దగ్గరకు వచ్చి కొంగు ముడి విప్పింది. చెమటకు మెత్తబడిన పది, ఇరవై, యాభై నోట్లు. గుమాస్తా రెండుసార్లు లెక్కపెట్టాడు. 1,240 ఉన్నాయి. ఆమె అక్కడే నిలబడి మిగతాది సోమవారం తెస్తానని మూడుసార్లు అంది. కానీ ఆ మాట అన్నది గుమాస్తాతో. జడ్జిగారితో అనాలని ఆమెకు తెలియదు. గడువు ఇమ్మని అడిగే హక్కు ఉందనీ తెలియదు. వరండాలో ఉన్న మేం నలుగురం తలా కొంత వేసి 760 పోగు చేసేసరికి జైలు వ్యాన్ గేటు దాటింది. మర్నాడు ఆదివారం. 760 రూపాయల కోసం ఆ మనిషి రెండు రాత్రులు జైల్లో ఉన్నాడు. నల్లకోటు వేసుకుని పక్కనే ఉండి కూడా పది నిమిషాల ముందు నేను లేచి నిలబడలేదే అన్న బాధ నాకు ఈ రోజుకూ ఉంది. మీ ఉత్తరం చదవగానే ముందు ఆ కొంగు ముడే గుర్తొచ్చింది.

అందుకే వాయిదాకు కనీసం వారం ముందు మీరిద్దరూ కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి. ఎక్కడుందో తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఉచితంగా లాయర్ని ఇస్తారు. మీ సొంత కేసైతే ఆడవారు కాబట్టి ఆదాయం అడగరు. ఇది ఆయన కేసు కాబట్టి ఆదాయం చూస్తారు, కిరాయి ఆటో నడుపుకునే మనిషికి అది అడ్డం రాకపోవచ్చు. ఒకవేళ ఆయన్ని లోపలికి పంపితే అప్పుడు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఇవ్వాలి.

వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, ఇంటి అద్దె కాగితం ఏదైనా ఉంటే అది, పిల్లల ఫీజు రశీదులు, ఆటో ఓనరుకు రోజూ ఎంత కడుతున్నారో రాసిన చీటీ పట్టుకెళ్ళండి. ఒక తెల్ల కాగితం మీద నెలకు ఎంత వస్తుంది, ఎంత పోతుంది రాయించండి. ఈ కేసులు కోర్టులో ఎలా నడుస్తాయో నేను చూశాను. పేరు పిలుస్తారు, తప్పు ఒప్పుకుంటావా అంటారు, ఒప్పుకుంటాడు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో ఆ కాగితం జడ్జిగారి చేతిలో ఉండాలి. ఫైన్ కట్టనందుకు పడే జైలు అసలు నేరానికి వేసే శిక్ష కాదని, అది కట్టకపోవడానికి పడే దండన మాత్రమేనని, ఎంత వేయాలో నిర్ణయించేటప్పుడు మనిషి ఆర్థిక పరిస్థితిని కూడా చూడాలని సుప్రీంకోర్టు 2007లో శాంతిలాల్ కేసులో చెప్పింది. మీ లాయరుకు ఈ కేసు పేరు చెప్పండి.

ఇప్పుడు మీవారి లెక్క సంగతి. పది రోజులు లోపల ఉంటే పదివేలు మిగుల్తాయన్నది నిజం కాదమ్మా. ఆటో కిరాయి, గ్యాస్ పోను రోజుకు ఏడెనిమిది వందలు తెచ్చే మనిషి పది రోజులు లేకపోతే ఇంటికి రావలసిన ఏడెనిమిది వేలు రావు. ఓనరు ఆటోను ఖాళీగా ఉంచడు, ఇంకొకరికి ఇచ్చేస్తాడు. తిరిగొచ్చాక మళ్ళీ ఆటో దొరికేదాకా ఎన్ని రోజులో తెలియదు. మీరు ములాఖత్‌కి వెళ్ళిన ప్రతి రోజూ మీ మూడిళ్ళ పనీ పోతుంది. పిల్లలు నాన్న ఎక్కడ అని అడిగితే చెప్పాల్సిన జవాబుకు ఖరీదు కట్టలేం.

అన్నీ చేసినా గడువు ఇవ్వకుండా లోపలికి పంపారనుకుందాం. అప్పుడూ చేతులెత్తేయకండి. ఫైన్ కట్టిన క్షణమే ఆ జైలు ముగిసిపోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గడిపిన రోజులకు తగ్గట్టు ఫైన్‌లో భాగం తగ్గుతుంది. ఉదాహరణకు 10,000 కట్టకపోతే 20 రోజులు అని తీర్పు ఉందనుకోండి. 10 రోజులు గడిచాక 5,000 కడితే చాలు, వదిలిపెట్టాలి. ఇది భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్‌లో ఉంది. పది రోజులు లోపల ఉన్న తర్వాత కూడా మొత్తం పదివేలు తెమ్మని ఎవరన్నా అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి. పూర్తి రోజులు గడిపి వచ్చాడంటే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఆ ఫైన్ కోసం మళ్ళీ వెంటపడకూడదు.

పేద ఖైదీల ఫైన్లు కట్టడానికి కేంద్ర ప్రభుత్వ పథకం కూడా ఒకటి ఉంది. 2022 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము డబ్బు లేక జైళ్ళలో మగ్గుతున్న పేదల గురించి సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందే మాట్లాడారు. ఆ మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఈ పథకం వచ్చింది. శిక్ష పడినవారికి 25,000 దాకా ఫైన్ ప్రభుత్వమే కడుతుంది. మంచి పథకమే. కానీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తే జైలు నుంచి సమాచారం పంపడానికి వారం, కుటుంబ పరిస్థితి విచారించడానికి ఇంకో వారం. ఆ తర్వాత కమిటీ మంజూరు చేయాలి. పది రోజులకు లోపలికి వెళ్ళినవాడు ఆ ఫైలు కదిలేసరికి ఇంటికొచ్చేస్తాడు. ట్రాఫిక్ కేసుల్లో ఇరుక్కున్న పేదలకు అది చేతికందని సాయం. అయినా లోపలికి వెళ్తే మొదటి రోజే జైలు సూపరింటెండెంట్‌కి దరఖాస్తు ఇవ్వండి.

"ఇద్దరిదీ ఒకటే తప్పు కదమ్మా" అన్నారు. మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టిన మాట అదే. తాగి బండి నడిపితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 ఫైన్, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అసలు శిక్షగానే జైలు వేస్తే అది కారాయనకైనా ఆటో ఆయనకైనా ఒకటే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ తప్పుకు 10,000 చాలు, జైలు అక్కర్లేదని జడ్జి అనుకున్న తర్వాత, ఆ 10,000 జేబులో లేనందుకు ఒకడిని లోపలికి పంపితే, అతను జైలుకు వెళ్ళింది తాగినందుకు కాదు, లేనందుకు. ఇది పోవాలి. 2019 సెప్టెంబర్ 1న ఈ ఫైన్ 2,000 నుంచి 10,000 అయింది. కూలి ఐదింతలు కాలేదు. కాబట్టి ఈ అన్యాయం ఇంకా పెరిగింది.

ఇది మన ఒక్క దేశపు గోడు కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. ఇప్పుడక్కడ మన తెలుగువాళ్ళు కూడా ఎందరో ఉన్నారు. అక్కడ టేట్ అనే ఆయనకు తొమ్మిది ట్రాఫిక్ కేసుల్లో కలిపి 425 డాలర్ల ఫైన్ పడింది. భార్య, ఇద్దరు పిల్లలు. మాజీ సైనికుడిగా వచ్చే కొద్దిపాటి భృతి, అప్పుడప్పుడూ దొరికే కూలి, అంతే ఆధారం. కట్టలేనన్నాడు. రోజుకు 5 డాలర్ల లెక్కన 85 రోజులు జైలన్నారు. ఆ నేరాలకు చట్టంలో అసలు జైలే లేదు, ఫైన్ ఒక్కటే. 1971లో ఆ దేశ సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. ఫైన్ మాత్రమే ఉన్న నేరానికి, కట్టే శక్తి లేదన్న ఒక్క కారణంతో దాన్ని జైలుగా మార్చకూడదంది.

తీర్పు వచ్చినంత మాత్రాన ఆగిందా అంటే ఆగలేదు. మిస్సోరి రాష్ట్రంలో ఫెర్గూసన్ అనే చిన్న ఊరి మీద 2015లో అమెరికా న్యాయశాఖ ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఒకామె గురించి ఉంది. 2007లో కారు తప్పుచోట పార్క్ చేసింది. ఫైన్ 151 డాలర్లు, దానిపై ఫీజులు. కొంతకాలం ఉండటానికి ఇల్లు కూడా లేని మనిషి. వాయిదాలకు రాలేదని ఫీజుల మీద ఫీజులు, రెండుసార్లు అరెస్టు, మొత్తం ఆరు రోజులు జైలు. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం కట్టలేదని కోర్టు వాటిని తిప్పి పంపేసింది. ఏడేళ్ళలో 550 డాలర్లు కట్టాక కూడా ఇంకా 541 బాకీ ఉందన్నారు. కొంత కడతానని వచ్చిన చేతిని తోసేస్తే ఫైన్ ఎలా వసూలవుతుంది? టైల్స్ మేస్త్రీ భార్య కొంగు ముడికీ ఆ 25 డాలర్లకూ నాకు తేడా కనిపించదు.

చివరికి 2017లో టెక్సస్ ఒక చట్టం చేసింది. ఫైన్ వేసేటప్పుడే, నిండు కోర్టులో, "నువ్వు ఇది కట్టగలవా?" అని జడ్జి తానే అడిగి తీరాలి. కట్టలేనంటే వాయిదాలో, సమాజ సేవో, మాఫీయో ఆలోచించాలి. టేట్ తీర్పు నుంచి అక్కడికి రావడానికి 46 ఏళ్ళు పట్టింది. మన దగ్గర గడువు ఇచ్చే అధికారం ఎప్పటినుంచో ఉంది, అడిగే బాధ్యత మాత్రం ఆ కట్టలేని మనిషి మీదే ఉంది. అతనికి లాయరు ఉండడు, చట్టం తెలియదు, జడ్జి ముందు నోరు పెగలదు. ఆ ఒక్క ప్రశ్న జడ్జి నోటి నుంచే రావాలన్నది నా గట్టి కోరిక. ఖర్చు లేని పని. ఫిన్లాండ్ ఇంకా ముందుకెళ్ళింది. 1921 నుంచి అక్కడ ఫైన్‌ను మనిషి రోజు ఆదాయాన్ని బట్టి లెక్కకడతారు. 2023లో ఒక కోటీశ్వరుడు 50 ఉండాల్సిన చోట 82 వేగంతో వెళ్తే 1,21,000 యూరోలు పడింది.

"జైలు భయం లేకపోతే ఎవడూ కట్టడు" అని కొందరు అంటారు. ఉండీ కట్టనివాడు, లేక కట్టలేనివాడు ఒకటి కాదు. ఉండీ ఎగ్గొట్టేవాడి ఆస్తి జప్తు చేసే అధికారం కోర్టుకు ఇప్పుడే ఉంది. లేనివాడికి వేరే పని చెప్పవచ్చు. తాగి దొరికినవాళ్ళను కూడలిలో ప్లకార్డు పట్టుకుని నిలబడమని, ఆస్పత్రిలో సేవ చేయమని మన కోర్టులే ఆదేశించిన సందర్భాలు ఉన్నాయి. కొత్త న్యాయ సంహితలో సమాజ సేవ కూడా ఒక శిక్షగా చేరింది, కానీ కొన్ని చిన్న నేరాలకే. మోటారు వాహనాల కేసుల్లో కట్టలేనివారికి దాన్నే మొదటి దారిగా పెట్టాలి.

మీలాంటి భయంతోనే చలాన్ల గురించి కూడా చాలామంది రాస్తుంటారు కాబట్టి ఒక మాట. హెల్మెట్ లేదనో సిగ్నల్ దాటారనో ఫోన్‌కి వచ్చే చలాన్ కట్టకపోతే నేరుగా జైల్లో వేసే అధికారం పోలీసులకు లేదు. జైలు అన్న మాట మేజిస్ట్రేట్ నోటి నుంచే రావాలి. 2023 డిసెంబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పాత చలాన్ల మీద బైకులకు, ఆటోలకు 80 శాతం, తోపుడు బళ్ళకు 90 శాతం తగ్గింపు ఇచ్చింది. తోపుడు బండికి చలాన్ బాకీ ఉందంటేనే ఆ ఫైన్లు ఎవరి మీద పడుతున్నాయో తెలుస్తుంది.

ఇక మీ ఇంటి సంగతి. మీ అత్తమ్మ మాటలో కోపం ఉంది, ఆ కోపం తప్పు కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం, ఆయనకు 86 వచ్చింది. ఆ రాత్రి దారిలో ఏ పిల్లాడో అడ్డం వచ్చి ఉంటే ఇప్పుడు మనం ఫైన్ గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఈ మాట ఆయనతో మీరే, ఆయన తాగని పూట, పిల్లలు లేనప్పుడు చెప్పండి. రోజూ తాగే అలవాటైతే ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో దీనికి వైద్యం ఉంది, సిగ్గుపడాల్సిన పని లేదు. మళ్ళీ దొరికితే 15,000 ఫైన్, రెండేళ్ళ దాకా జైలు. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ కేసులో లైసెన్సును కనీసం ఆరు నెలలు పక్కన పెట్టాలని చట్టంలో ఉంది. పట్టుబడింది బైకు మీదైనా లైసెన్సు ఆయనదే, ఆటో నడపలేకపోతే ఇల్లు గడవదు. లీగల్ ఎయిడ్ లాయరుతో మాట్లాడేటప్పుడు ఫైన్ కంటే ముందు దీని గురించే అడగండి. నేరం ఒప్పుకోవడానికి ముందే అడగాలి, తర్వాత కాదు.

వాయిదా రోజు ఆ 3,500 ఆయన జేబులో కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి. కోర్టు బయట "నేను మాట్లాడి తగ్గిస్తా" అంటూ వచ్చేవాళ్ళకు పైసా ఇవ్వకండి. జడ్జిగారు ఫైన్ చెప్పగానే, లాయరు లేవడం ఆలస్యమైతే మీరే చెయ్యెత్తి "అయ్యా, మూడు వాయిదాల్లో కట్టుకుంటాం" అనండి. కట్టిన ప్రతిసారీ రశీదు తీసుకుని రేషన్ కార్డుతో పాటు దాచండి.